రియాక్టా... యాంగ్యులరా?

బీటెక్ చివరి ఏడాదికొచ్చిన పిల్లలున్న ఇళ్లలో తరచూ తలెత్తే ప్రశ్న ఇది. రియాక్ట్ నేర్చుకోవాలా, యాంగ్యులరా, వ్యూనా? అమీర్‌పేటలో ఫీజు కట్టేముందు వాటి సంగతేంటో పెద్దలూ తెలుసుకుంటే మంచిదే!

వెబ్‌సైట్‌లో మన కంటికి కనిపించే భాగమే ఫ్రంట్ ఎండ్. రైలు టికెట్ కోసం ఊరి పేరులో రెండక్షరాలు కొట్టగానే కింద జాబితా వస్తుందే... అదంతా దాని పనే. అందుకు వాడే భాష జావాస్క్రిప్ట్. ప్రతిదీ మొదట్నుంచీ రాసుకోనక్కర్లేకుండా సిద్ధంచేసి పెట్టిన సరంజామాలే ఈ మూడూ.

ఫేస్‌బుక్ 2013లో విడుదల చేసిన రియాక్ట్ తెర మీద కనిపించేవాటిని మాత్రమే చూసుకుంటుంది. మిగతావి మనమే ఏరి తెచ్చుకోవాలి. గూగుల్ వారి యాంగ్యులర్ అలా కాదు. ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళ్లే ఏర్పాటు, ఫారాల తనిఖీ... అన్నీ దాంతోపాటే వస్తాయి. నేర్చుకోవడానికి సమయం పట్టినా, పదులమంది కలిసి చేసే పెద్ద ప్రాజెక్టుల్లో ఆ కట్టుబాట్లే కలిసొస్తాయి. గూగుల్‌లో పనిచేసిన ఎవాన్ యూ 2014లో తెచ్చిన వ్యూ తేలిగ్గా పట్టుబడుతుంది. పాత సైట్‌లో ఒక్క పేజీకైనా జోడించుకోవచ్చు.

చిక్కల్లా ఇవి మారిపోతుండటమే. 2010లో వచ్చిన యాంగ్యులర్‌జేఎస్‌ను ఎందరో కష్టపడి నేర్చుకున్నారు. 2016లో కొత్త యాంగ్యులర్ వచ్చింది. పేరు దాదాపు అదే... లోపలంతా వేరు! పాత కోడ్ అందులో నేరుగా పనిచేయదు. చాలా అప్లికేషన్లను తిరగరాసుకోవాల్సి వచ్చింది. 2021 డిసెంబరు 31తో పాతదానికి గూగుల్ మద్దతు కూడా ఆగిపోయింది. రియాక్ట్‌లోనూ అంతే. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేందుకు ఏళ్లతరబడి వాడిన 'క్రియేట్ రియాక్ట్ యాప్'ను ఇక వాడొద్దని 2025 ఫిబ్రవరిలో చెప్పేశారు.

1995లో పుట్టిన జావాస్క్రిప్ట్ మాత్రం ఇన్ని మార్పుల్లోనూ నిలిచే ఉంది. అది బాగా వస్తే ఒక సరంజామా నుంచి మరోదానికి మారడం కష్టం కాదు. అది రాకుండా రియాక్ట్ ఒక్కటే బట్టీపడితే, కంపెనీ యాంగ్యులర్ వాడేదైనప్పుడు మళ్లీ మొదటికొస్తుంది.

అందుకే ముందు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్. ఆ తర్వాత, చేరాలనుకునే కంపెనీల ప్రకటనల్లో ఏది ఎక్కువగా అడుగుతున్నారో చూసి ఒక్కదాన్నే ఎంచుకోవాలి. దాంతో చిన్నదైనా ఒక అప్లికేషన్ సొంతంగా పూర్తిచేయాలి. కోర్సులో చేరేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న... 'జావాస్క్రిప్ట్‌కి ఎన్ని వారాలు కేటాయిస్తారు?'