కంపెనీ ఖాతా

మన పట్టణములలో ఇప్పుడొక మంత్రము వాడుకలోనికి వచ్చినది. దానికి బీజాక్షరములు లేవు, జపసంఖ్య లేదు. భోజనానంతరము బిల్లు రాగానే ఒక పెద్దమనిషి ‘మీరుండండి, ఇది కంపెనీ ఖాతా’ అనును. చుట్టునున్నవారి మొగములు వికసించును. సొంత డబ్బయినచో రెండు ఇడ్లీలతో తృప్తిపడువాడు నాలుగు కూరలు తెప్పించి రెండు విడిచిపెట్టును. ఆటోవానితో పది రూపాయలకు పావుగంట వాదించువాడు కారెక్కి రేటడుగడు. ఆ మాటకు ఇంత మహిమ ఎక్కడిదని మేము విచారించితిమి. ‘ఈ ధనము ఎవరిదియు కాదు’ అనుటయే దాని అర్థమని తేలినది. ఎవరిదియు కాని ధనము లోకమున లేదు. ఎవరిదో చెప్పుటకు ఇష్టములేని ధనము మాత్రము కావలసినంత యున్నది.

వ్యాపారమునకు ఖర్చులు కూడవని మేమనుట లేదు. సరకమ్ముటకు ఊరూర తిరుగువానికి రైలుఛార్జియు, బసయు, భోజనమును కంపెనీ ఇయ్యవలసినదే. దూరమునుండి వచ్చిన బేరగానికి ఒక పూట అన్నము పెట్టుట మన దేశమున పాత మర్యాద. చట్టము కూడ దీనిని ఒప్పుకొన్నది. వ్యాపారముకొరకే, పూర్తిగా దానికొరకే చేసిన ఖర్చును లాభమునుండి తీసివేయవచ్చుననియు, సొంత ఖర్చును తీసివేయరాదనియు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము 37వ సెక్షనులో వ్రాసిరి. 2025లో పార్లమెంటు చేసిన కొత్త చట్టము కూడ ఈ నియమమును నిలుపుకొన్నది. నియమము తేటగానే యున్నది. దానిని దాటుటకు మనవారు కల్పించిన భాషతోనే మా పోరు.

ఆ భాషను కొంచెము పరిశీలింతము. బావమరిది పెండ్లికి విశాఖపట్టణము పోయి, దారిలో ఒక దుకాణదారును పలుకరించినచో అది ‘టూరు’. దీపావళికి అధికారి ఇంటికి పంపిన వెండిపళ్లెము ‘బిజినెస్ ప్రమోషను’. నలుగురు స్నేహితులు కూడి అర్ధరాత్రివరకు త్రాగినది ‘క్లయింటు మీటింగు’. యజమాని ఇంటి డ్రైవరు జీతము, కుమారుని సెల్‌ఫోను, ఇల్లాలి కారు పెట్రోలు, ఇవన్నియు ‘ఇతర ఖర్చులు’. లంచమును లంచమని వ్రాసిన చిట్టాను మేమెన్నడును చూడలేదు. తెలుగున చెప్పుటకు సిగ్గైనది ఇంగ్లీషున వ్రాయుటకు ఎంత సులభమైనది! వీరేశలింగం పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి కచేరీలలోని లంచగొండులను బయటపెట్టిన దినములలో లంచము చీకటిలో చేయి మారెడిది. ఇప్పుడది వోచరుతో, సంతకముతో, రబ్బరుముద్రతో పట్టపగలే నడచుచున్నది.

ఈ ఖర్చును ఎవరు భరించుచున్నారు? ఒక కంపెనీ తన లాభముపై నూటికి 25 రూపాయలు పన్ను చెల్లించుననుకొందము. 10,000 రూపాయల విందును వ్యాపారపు ఖర్చుగా వ్రాసినచో లాభము అంత తగ్గును, పన్ను 2,500 రూపాయలు తగ్గును. అనగా ఆ విందులో ప్రతి నాలుగు విస్తళ్లలో ఒకటి ప్రభుత్వ ఖజానా వడ్డించినదే. తక్కిన మూడును వాటాదారులవి. వాటాదారులనగా కోటీశ్వరులని తలపవలదు. మ్యూచువల్ ఫండులో నెలకు వేయి రూపాయలు వేయు పంతులమ్మ పొదుపును అందు కలదు.

మందుల వ్యాపారమును చూడుడు. కంపెనీలనుండి వైద్యులు కానుకలను, ప్రయాణసౌకర్యములను పుచ్చుకొనరాదని భారత వైద్యమండలి 2009లో నియమము చేసినది. కానుకలు ఆగలేదు. పుచ్చుకొనుట వైద్యునికి తప్పు గాని ఇచ్చుట మాకు తప్పు కాదు, కనుక దానిని ఖర్చుగా వ్రాసికొందుమని ఒక మందుల కంపెనీ వాదించినది! వాదము సుప్రీంకోర్టువరకు పోయినది. 2022 ఫిబ్రవరి 22న ఆ న్యాయస్థానము దానిని త్రోసివేసి, బంగారునాణెములు, ఫ్రిజ్‌లు, టి.వి.లు, విదేశయాత్రలు మొదలగు ఇట్టి కానుకల ఖరీదు మందుల ధరలో చేరుచున్నదని చెప్పినది. జ్వరముతో పండుకొన్న బిడ్డకొరకు తల్లి కొంగుముడి విప్పి ఇచ్చిన డబ్బులో ఎవరి విహారయాత్రకో వంతు కలదన్నమాట.

ఇది పైవారి సంగతి. క్రిందివాని సంగతి వేరు. సంచి భుజమున వేసికొని తెనాలినుండి రేపల్లెకు, రేపల్లెనుండి బాపట్లకు తిరుగు సేల్సు ఉద్యోగి ముందు తన జేబునుండి ఖర్చుపెట్టి, బిల్లులు కాగితమునకు అతికించి పంపి, ఆ డబ్బుకొరకు నెలల తరబడి ఎదురుచూచును. టి.ఏ., డి.ఏ. అని ఇచ్చు బత్తెము బసకు చాలినచో భోజనమునకు చాలదు. ఒక టీ బిల్లు పోయినచో గుమాస్తా వానిని దొంగనువలె నిలవేయును. డైరెక్టరుగారి వేలరూపాయల విందుకు మాత్రము ఒక్క సంతకము చాలును! ఇట్టి స్థితిలో ఆ యువకుడు లాడ్జిలో ఖాళీ బిల్లు అడిగి తెచ్చుకొని 600 రూపాయల గదికి 900 వ్రాసికొనును. మొదటిసారి చేయి వణకును. రెండవసారి వణకదు. మూడవసారి కొత్తగా చేరినవానికి నేర్పును. ఈ విద్య నేర్పిన గురువు కంపెనీయే. న్యాయమైన బత్తెమీయక, దొంగ బిల్లును చూచియు చూడనట్లుండు యజమాని తాను కోసికొన్నదానిని అబద్ధముల రూపమున తిరిగి ఇచ్చుచున్నాడు. దీనివలన వానికొక లాభము కలదు. 300 రూపాయలకు దొంగయైనవాడు మూడులక్షల బిల్లును ఏ నోటితో ప్రశ్నించును? అందరి చేతులకు మసి అంటియుండుటయే పైవాని చేతికి రక్ష.

చట్టము చూచుకొనునని కొందరందురు. 2005లో ఆ ప్రయత్నమును జరిగినది. విందులు, కానుకలు, ప్రయాణములు మొదలగువానిలో కొంత వంతు ఉద్యోగులే అనుభవించినట్లు భావించి కంపెనీలపై ఫ్రింజ్ బెనిఫిట్ పన్ను వేసిరి. నిజమైన ఖర్చునకును బూటకపు ఖర్చునకును ఒకే కొలత పెట్టిన ఆ పన్ను 2009లో రద్దయినది. భోజనపు బిల్లు ఆ భోజనము ఎందుకు జరిగినదో చెప్పదు. అది భుజించినవారికే తెలియును.

కావున మేము గృహస్థులతోనే మాటాడుచున్నాము. పాలవాని లెక్కలో అరలీటరు ఎక్కువ పడినచో నిలదీయు ఇల్లాలు, భర్త తెచ్చిన కంపెనీ కానుక దేనికొరకు వచ్చినదని ఏల అడుగదు? పండుగ ప్రయాణపు టిక్కెట్లను ఆఫీసు ఖర్చులో పెట్టుచున్నారా యని ఏల అడుగదు? 1901లో దక్షిణాఫ్రికానుండి బయలుదేరునప్పుడు గాంధీగారు అక్కడివారు ప్రేమతో ఇచ్చిన నగలను ప్రజాసేవకై నిధిగా ఏర్పరచిరి. అందు కస్తూరిబాగారికి ఇచ్చిన 50 గినీల బంగారుహారము కూడ కలదు. రేపు కోడండ్రకు ఏమి పెట్టుదునని ఆమె వాదించి కన్నీరు పెట్టినారు. పనినిబట్టి వచ్చినది పనికే చెందునా, ఇంటికి చెందునా యను ఆ వాదము మన ఇండ్లలో జరుగుటయే లేదు. జరుగకున్నను పిల్లలు వినుచునే యున్నారు. ‘బిల్లు కొంచెము ఎక్కువ వేయవయ్యా’ అని తండ్రి డ్రైవరుతో అనుమాట, వెనుకసీటులోని పదేండ్ల బాలునికి బడిలో నేర్చిన నీతిపద్యములన్నిటిని మరపించును.

‘అందరును చేయుచున్నారు, మేమొక్కరము మానినంతమాత్రమున కంపెనీ బాగుపడునా?’ అని మమ్మడుగుదురు. బాల్యవివాహములను మానుడన్నప్పుడును ఈ జవాబే వచ్చినది. కట్నము మానుడన్నప్పుడును ఈ జవాబే వచ్చుచున్నది. ఈ ‘అందరు’ అనువాడు ఎవ్వరికిని కనబడడు గాని అన్ని తప్పులకును వాడే జామీను!

మేము కోరునది గొప్పది కాదు. యజమాని తన విందు బిల్లును కూడ, ఉద్యోగి టీ బిల్లువలెనే, గుమాస్తా పరీక్షకు పెట్టవలెను. ఊరూర తిరుగువానికి సరిపడు బత్తెమును ముందుగనే ఇయ్యవలెను. ఇచ్చిన పిమ్మట ఒక్క దొంగ బిల్లును సహింపరాదు. ప్రతి బిల్లు వెనుకను, ఎవరితో, ఏ పనిమీద ఖర్చు జరిగినదో తేట తెలుగున ఒక్క వాక్యము వ్రాయవలెను. ఆ వాక్యమును భార్యాబిడ్డలయెదుట చదువ వెనుకాడువాడు ఆ డబ్బును తన జేబునుండి చెల్లింపవలెను.