ఇల్లు ఖాళీగానే ఉంది, మనకే ఖాళీ లేదు

గేటుకి అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. 'టు-లెట్' అని రాసి, కింద 'రెండు గదులు, వంటిల్లు, నీళ్ళ వసతి కలదు' అని ఉంటుంది. మనం గేటు తీస్తాం. ఇంటామె బయటికొచ్చి ఎక్కడ పనిచేస్తారు, పిల్లలెందరు అని అడుగుతుంది. చెప్తాం. "మాస్టారా!" అని సంతోషిస్తుంది కూడా. తాళంచెవి తెచ్చి గదులు చూపిస్తుంది. పంపు తిప్పి నీళ్ళు చూపిస్తుంది. అద్దె కుదురుతుంది. అడ్వాన్సు జేబులోంచి తీస్తుండగా, ఏదో మర్చిపోయి గుర్తొచ్చినట్టు అడుగుతుంది: "ఇంతకీ మీరేమిట్లండీ?"

అంతే. మనం కులం పేరు చెప్పిన మరుక్షణం ఆ ఇంటికి ఎక్కణ్ణించో బంధువులు ఊడిపడతారు. "మా తమ్ముడు వచ్చే నెల దిగుతానన్నాడండీ, కనుక్కుని చెప్తాం" అంటారు. ఆ తమ్ముడు ఏడాదైనా దిగడు. అట్టముక్క మాత్రం మర్నాడు కూడా గేటుకే వేలాడుతూ ఉంటుంది.

మేము బడిపంతుళ్ళం. బదిలీల మీద ఊళ్ళు తిరిగినవాళ్ళం. మా అమ్మానాన్నలది వేలిముద్ర. మా ఇళ్ళల్లో మొట్టమొదట డిగ్రీ చదివింది మేమే. చదువుకుంటే వాడ దాటతామనుకున్నాం, పట్నం పోతే కులం పోతుందనుకున్నాం. 1985లో కారంచేడులో మనవాళ్ళను చంపితే, బతికినవాళ్ళు చీరాల పోయి శిబిరం వేసుకున్నారు. ఊరు మనల్ని చంపుతుంది గనక పట్నం మనల్ని కాచుకుంటుందనే ఆశ మనందరిదీ. కానీ పట్నంలో కూడా ఊరుంది సోదరులారా! అది గేటు దగ్గర నిలబడి ఉంది. పొద్దున బడి దగ్గర "నమస్తే మాస్టారూ" అన్న నోరే సాయంత్రం గేటు దగ్గర "ఖాళీ లేదండీ" అంది. మేము చదువు చెప్పిన పిల్లల ఇళ్ళల్లోనే మాకు వాటా దొరకలేదు.

ఇంటివాళ్ళు చెప్పే మాట ఒకటే: "ఇల్లు మాది. ఎవర్ని పెట్టుకోవాలో మా ఇష్టం. ముక్కూమొహం తెలీనివాణ్ణి ఇంట్లో ఎట్లా పెట్టుకుంటాం?"

నిజమే, తెలుసుకోవాల్సిందే. జాగ్రత్త పడొద్దని మేమనడం లేదు. ఏం పని చేస్తావు, నెలనెలా అద్దె కట్టగలవా, ఇంతకుముందు ఏ ఇంట్లో ఉన్నావు, అక్కడ ఎందుకు ఖాళీ చేశావు అని అడగండి. ఆధార్ నకలు తీసుకోండి. పాత ఇంటాయనకు ఫోను చేసి విచారించండి. ఒప్పందం కాగితం రాయించుకోండి. అడ్వాన్సుకి రసీదు ఇవ్వండి. ఇవన్నీ మనిషి నడతకు సంబంధించిన ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పడానికి మనకేం అభ్యంతరం లేదు. కానీ వీటిలో ఒక్క ప్రశ్నకైనా కులం జవాబు చెప్తుందా? అద్దె ఎగ్గొట్టినవాడు ఏ కులంలో లేడు? తాగి గోల చేసినవాడు ఏ కులంలో లేడు? కులం అడిగేది మనిషిని తెలుసుకోవడానికి కాదు. మనిషిని తెలుసుకునే పని తప్పించుకోవడానికి.

ఇప్పుడు కొంతమంది సూటిగా అడగరు. నాగరికులయ్యారు! ఇంటిపేరు అడుగుతారు. ఏ ఊరు, ఊళ్ళో ఏ బజారు అని అడుగుతారు. ఆదివారం చర్చికి పోతారా అని అడుగుతారు. అన్నిటికంటే తెలివైన ప్రశ్న: "మీరు నీచు తింటారా?" సరే, అడిగినవాడు నిజంగా మాంసం ముట్టనివాడైతే ఒక మాట. కానీ ఆదివారం వస్తే మసాలా వాసన వీధి చివరిదాకా కొట్టే మేడల్లోనూ ఇదే ప్రశ్న అడుగుతున్నారు. కోడి కోసేవాళ్ళూ, మేక కోసేవాళ్ళూ అడుగుతున్నారు. వాళ్ళడిగేది మాంసం తింటావా అని కాదు. నువ్వు తినేది ఏ మాంసం, దాన్ని బట్టి నువ్వు ఏ వాడ అని. 'శాకాహారులకు మాత్రమే' అనే బోర్డు చాలాచోట్ల పాత బోర్డుకి కొత్త రంగు, అంతే.

ఇది మన చేతకానితనం వల్ల, మన మురికి వల్ల జరుగుతుందని మనల్నే నమ్మించారు. అట్లాగైతే బాబాసాహెబ్ అంబేద్కర్‌కి ఏం తక్కువైంది? కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి, 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చినప్పుడు ఆయనకు ఆ పట్నంలో తలదాచుకోను చోటు దొరకలేదు. హిందూ హోటళ్ళకు పోతే కులం అడుగుతారు. పార్శీల సత్రంలో వేరే మతంవాళ్ళను ఉండనివ్వరు. ఆ సత్రం కాపలాదారుతో మాట్లాడుకుని, పార్శీ పేరు రాయించుకుని ఆయన అక్కడ దిగాడు. పదకొండో రోజున పార్శీలు కర్రలు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. నువ్వెవరని నిలదీసి, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఒక హిందూ స్నేహితుణ్ణి అడిగితే, నువ్వు వస్తే మా ఇంట్లో నౌకర్లంతా పోతారన్నాడు. ఒక క్రైస్తవ స్నేహితుణ్ణి అడిగితే, భార్యను కనుక్కుని చెప్పాలన్నాడు. ఆఖరికి ఆయన పార్కులో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్ళిపోయాడు. ఇదంతా తన అనుభవాల్లో ఆయనే రాసుకున్నాడు. "కనుక్కుని చెప్తాం" అనే మాట మన గేటు దగ్గర పుట్టింది కాదు, చూశారా! నూరేళ్ళు దాటినా ఆ మాట మారలేదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆయన పేరు మార్చుకుని దిగాల్సి వచ్చింది. మనం ఇవాళ్టికీ అదే చేస్తున్నాం. కులం మార్చి చెప్పి ఇల్లు తీసుకున్నవాళ్ళు మాలో ఉన్నారు. దాచుకోవడమెందుకు, చెప్పుకుందాం. ఇల్లు దొరికింది గానీ, ఆ ఇంట్లో మనం బతకలేదు. అంబేద్కర్ పటం గోడకి కొట్టలేదు, ట్రంకుపెట్టెలో బట్టల కింద పెట్టాం. పిల్లలకు అబద్ధం బట్టీ పట్టించాం. బళ్ళో "అబద్ధమాడరాదు" అని బోర్డు మీద రాసి, ఇంటికొచ్చి మన పిల్లలకు అబద్ధం నేర్పాం! ఊళ్ళోంచి అమ్మ వస్తానంటే వద్దన్నాం. ఆమె మాట, ఆమె చీరకట్టు మన గుట్టు బయటపెడతాయని భయం. మాలో ఒకరి తల్లి చెప్పకుండానే బస్సెక్కి వచ్చింది. కొడుక్కి ఇష్టమని ఎండుచేపలు మూటగట్టి తెచ్చింది. ఇంటామె వరండాలో కూర్చోబెట్టి కబుర్లాడి, ఊరు, బజారు, అన్నీ రాబట్టింది. నెల తిరక్కుండా ఖాళీ చెయ్యమన్నారు. ఆ తల్లి మళ్ళీ ఎప్పుడూ కొడుకింటికి రాలేదు. "నావల్లే గదరా మీకు ఇల్లు పోయింది" అంది. ఆమె వల్లనా పోయింది? ఈ మాటకు జవాబు చెప్పాల్సినవాళ్ళెవరు?

ఇది మన మనసుల్లో పుట్టిన అనుమానం కాదు. సుఖదేవ్ థోరట్, ఆయనతోటి పరిశోధకులు ఢిల్లీలోనూ చుట్టుపక్కల పట్టణాల్లోనూ అద్దె ఇళ్ళ కోసం రకరకాల పేర్లతో ఫోన్లు చేయించి, మనుషుల్ని పంపించి పరీక్షించారు. ఆ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. అగ్రకులాల పేర్లకు తలుపులు తెరుచుకున్నాయి. దళితులకు చాలాచోట్ల మూసుకున్నాయి. ముస్లింలకు అంతకంటే గట్టిగా మూసుకున్నాయి.

మరి చట్టమేమంటోంది? రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని ఏ రూపంలో ఉన్నా రద్దు చేసింది. 1955లో వచ్చిన చట్టానికి 1976లో సవరణ చేసి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు పెట్టారు. దాని 4వ సెక్షన్‌లో, ఏ ప్రాంతంలోనైనా నివాసగృహం కట్టుకోవడం, సంపాదించుకోవడం, అందులో కాపురముండడం గురించి స్పష్టంగా ఉంది. అంటరానితనం పేరుతో దాన్ని అడ్డుకుంటే నేరం. పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ నేరం. 12వ సెక్షన్ ఇంకా ముఖ్యం. ఈ చట్టం కింద నేరమయ్యే పని షెడ్యూల్డ్ కులంవాడి విషయంలో చేస్తే, అది అంటరానితనం వల్లే చేశారని కోర్టు భావించాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది చేసినవాడే. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా వంద నుంచి ఐదొందలు. ఐదొందలు! మేడ మీద వాటాకి ఒక నెల కరెంటు బిల్లు కూడా కాదు. చట్టం కోరలు ఎంత మొద్దుబారాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

కొందరు ప్లీడర్లు 2005 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపిస్తారు. అహ్మదాబాదులో ఒక పార్శీ గృహనిర్మాణ సంఘం తమ మతస్థులకే సభ్యత్వమని పెట్టుకున్న నిబంధనను ఆ తీర్పు సమర్థించిన మాట నిజమే. అది ఒక సహకార సంఘం సభ్యత్వం తగాదా. మాల, మాదిగ అని తెలిసి తలుపు వేయడం వేరు, అది అంటరానితనం. 'నా ఇల్లు నా ఇష్టం' అన్న మాట 17వ అధికరణం ముందు చెల్లదన్నది మన వాదన. ఈ వాదన కోర్టులో గెలవాలంటే ముందు కేసులు నమోదు కావాలి. కేసులు నమోదు కావాలంటే మనం నోరు తెరవాలి.

ఇంతదాకా వాళ్ళ సంగతి. ఇక మన సంగతి. ఇది చేదుగా ఉంటుంది, అయినా మింగాలి.

మనలో కూడా ఇళ్ళు కట్టినవాళ్ళున్నారు. ఉద్యోగాలొచ్చాయి, లోన్లు పెట్టి డాబాలు లేపాం, పైవాటాకి టు-లెట్ బోర్డు కట్టాం. ఆ గేటు దగ్గర మనమేం అడుగుతున్నాం? మాల ఇంటికి మాదిగ వస్తే ఏం చెప్తున్నాం? మాదిగ ఇంటికి రెల్లి వస్తే, పారిశుధ్య పని చేసే మనిషి వస్తే ఏం చెప్తున్నాం? ముస్లిం కుటుంబం వస్తే, మొగుడు వదిలేసిన ఆడమనిషి పిల్లల్తో వస్తే మనింటికి కూడా తమ్ముడు దిగుతున్నాడా లేదా? 'అగ్రకులంవాళ్ళయితే శుభ్రంగా ఉంటారు' అని ఏరికోరి వాళ్ళకే అద్దెకిచ్చి, అది గొప్పగా చెప్పుకునేవాళ్ళు మనలో లేరా? గేటు బయట నిలబడ్డప్పుడు ఏడ్చి, గేటు లోపలికి రాగానే అదే ప్రశ్న అడిగితే మనం తాళంచెవి మాత్రమే సంపాదించాం, విముక్తి కాదు.

కాబట్టి ఊరూరా, వాడవాడా సంఘాలు ఈ కింది పనులు చేపట్టాలని కోరుతున్నాం.

ఒకటి. ఇల్లు అడగడానికి ఒంటరిగా పోవద్దు. తోడు మనిషిని తీసుకుపొండి. రేపు సాక్ష్యం కావాలి.

రెండు. కులం తెలిశాక 'ఖాళీ లేదు' అంటే, తేదీ, టైము, అన్నమాట అన్నట్టుగా రాసిపెట్టుకోండి. మర్నాడు మన మాట నమ్మే వేరే కులం మిత్రుణ్ణి అదే ఇంటికి పంపండి. అతనికి ఇస్తామంటే ఆ సంగతీ రాయండి.

మూడు. ప్రతి నెలా 30న అధికారులు జరిపే పౌరహక్కుల దినంలో హోటలు గ్లాసులతోపాటు అద్దె ఇళ్ళ విషయం కూడా ఎత్తండి. ఫిర్యాదు కాగితం మీద ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

నాలుగు. మనవాళ్ళ టు-లెట్ బోర్డు మీద 'కులమత భేదం లేదు' అని రాయాలి. రాయడమే కాదు, చేసి చూపించాలి. ఈ పని రేపట్నుంచి మన ఇళ్ళతోనే మొదలు.

ఐదు. కులం మార్చి చెప్పొద్దు. చోటు దొరక్క తప్పనిసరై చెప్పినవాళ్ళను మేము తప్పుపట్టం. తలమీద కప్పు లేనివాడికి నీతులు చెప్పేంత గొప్పవాళ్ళం కాము. అట్లాంటివాళ్ళకు ఆ అవసరం రాకుండా ఒక గది చూపించడం సంఘం బాధ్యత.

ట్రంకుపెట్టెలో ఉన్న పటాన్ని తీసి గోడకి కొడదాం. అమ్మను రమ్మని కబురు పెడదాం. ఎండుచేపలతో సహా రమ్మందాం. ఆమె వరండాలో కూర్చుని ఊరు, బజారు, కులం గట్టిగా చెప్పుకోగల ఇల్లే మన ఇల్లు.

జై భీమ్!