ఉలి పట్టినవారి పేరెక్కడ?

2024 ఆగస్టు 5న మా పాల్వంచలో పాత థర్మల్ స్టేషన్ కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని పేల్చి పడగొట్టారు. వాటిని శిల్పమని ఏనాడూ ఎవరూ అనలేదు. కాని ఆ సన్నని నడుము, పైన విచ్చుకొన్న అంచు శిల్పం కాక మరేమిటి? పలుచని కాంక్రీటు గోడ గాలివానకు నిలవాలి. కిందనుంచి దూరిన గాలి వేడినీటిని చల్లార్చి పైకి పోవాలి. ఆ అవసరమే దానికి నడుము దిద్దింది. కట్టిన కూలీల పేర్లు మాత్రం ఆనాడూ ఎవరూ రాసుకోలేదు.

ఆ దుమ్ము చూస్తూంటే నాకు యాదగిరిగుట్ట మనసులో మెదిలింది. అక్కడి ఆలయ పునర్నిర్మాణానికి రూపకల్పన చేసినవాడు ఆనంద్ సాయి, సినిమా కళాదర్శకుడు. నల్లరాతితో కట్టిన ఆ ఆలయాన్ని 2022 మార్చి 28న తిరిగి తెరిచారు. "సెట్లు వేసుకొనేవాడికి గుడి కట్టే పనేమిటి?" అని ఈసడించేవారున్నారు. వారితో నేను సుతరామూ ఏకీభవించను. పట్టా ఉన్నవాడే కట్టాలనడం కులవృత్తికి కొత్త కంచె వేయడమే. సతీష్ గుజ్రాల్ చిత్రకారుడు. మెక్సికో వెళ్ళి కుడ్యచిత్రకళ నేర్చినవాడు. వాస్తుశాస్త్రంలో పట్టా లేకుండానే ఢిల్లీలోని బెల్జియం రాయబార కార్యాలయాన్ని ఇటుకలతో శిల్పంలా మలచాడు. కళాకారుడు కట్టడంలోకి రావడం మంచిదే. నా తగాదా అక్కడ లేదు.

శిల్పి బొమ్మను తన చేతితో చెక్కుతాడు. కట్టడం అలా కాదు. ఒకడు గీస్తాడు, క్వారీలో కొందరు రాయి పగలగొడతారు, కొందరు మోస్తారు, వందలమంది ఏళ్ళ తరబడి ఉలి పడతారు. అటువంటి దానిని ఒక్కడి శిల్పమని పొగిడితే, మిగిలిన చేతులన్నీ పనిముట్లయిపోతాయి.

ఈ మాట గాలిలోనుంచి తీసింది కాదు. 2019 సెప్టెంబరులో ఆ ఆలయపు రాతి స్తంభాలమీద నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ముఖం, ఆయన పార్టీ గుర్తు కారు కనిపించి గొడవయింది. ఆ పైన తొలగించారు. సమర్థించినవారు ఏమన్నారు? అది శిల్పుల స్వేచ్ఛ అన్నారు! అంతవరకు ఏ సభలోనూ వినిపించని శిల్పి, నింద మోయవలసి వచ్చేసరికి హఠాత్తుగా స్వతంత్రుడయ్యాడు. కూలికి ఉలి పట్టిన మనిషి ఏలిక ముఖం చెక్కితే దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టడం కంటే క్రూరమైన హాస్యం ఉన్నదా? కీర్తికి ఒకే పేరు, అపకీర్తికి మాత్రం పేరులేని గుంపు. రాజుల కాలంనుంచీ ఇదే లెక్క.

"శిల్పుల పేర్లు చెక్కించుకోవడం మన సంప్రదాయం కాద"ని ఒక మిత్రుడు నాతో వాదించాడు. రామప్ప గుడికి శిల్పి పేరే నిలిచిందని మన జనం నేటికీ చెప్పుకొంటున్నారే! జనం తీర్పు ఎటున్నదో చెప్పడానికి ఇది చాలదా?

కనుక నేను అడిగేది ఒక్కటే. 2019లో బొమ్మలు చెరిపిన ఆ రాతిమీద, పనిచేసిన శిల్పుల పేర్లు, రాయి కొట్టినవారి పేర్లు, వారి ఊళ్ళతో సహా చెక్కించండి. మా టవర్ల విషయంలో ఇక ఆ అవకాశం లేదు. గుట్టమీద ఇంకా ఉన్నది.