తలరాత కాదు, తాత్సారం

"రక్తంలో బి27 ఉందట. ఇంకేముంది, వెన్ను బిగుసుకుపోవడమే!" ఈ మాట నా ఎదుటే నా గురించి అన్నవారున్నారు. వారిలో ఒకరు వైద్యులు. నేను ఖండించదలచినది ఈ తీర్పునే.

హెచ్‌ఎల్‌ఏ-బి27కీ అంకిలోజింగ్ స్పాండిలైటిస్‌కీ గల సంబంధం 1973లో బయటపడింది. కాదనను. అయితే ఆ జన్యువున్నవారిలో అత్యధికులకు ఈ వ్యాధి రానే రాదు. వచ్చినవారిలోనూ అందరి వెన్నూ వెదురుబొంగులా అతుక్కుపోదు. జన్యువును చూపి జీవితకాలానికి తీర్పు రాసెయ్యడం ఏ శాస్త్రం?

2012లో వెలువడిన ఒక జర్మన్ అధ్యయనం తొలిదశ రోగులను రెండేళ్ళు గమనించింది. ముదిరే వ్యాధికి మూడు సూచికలు తేలాయి: అప్పటికే వెన్నుపూసల అంచున మొలిచిన ఎముక వంతెనలు, రక్తంలో సి-రియాక్టివ్ ప్రోటీన్ వంటివి హెచ్చుగా ఉండడం, పొగతాగడం. మొదటిదాన్ని గమనించండి. జరిగిన నష్టమే జరగబోయే నష్టానికి నాంది. అటువంటప్పుడు రోగనిర్ధారణకే ఏళ్ళకేళ్ళు పట్టడాన్ని ఏమనాలి?

ఇరవైయేళ్ళ యువకుణ్ణి తెల్లవారుజామున నిద్రలేపి, నాలుగడుగులు నడిస్తే సర్దుకునే నొప్పి నెలల తరబడి ఉంటే, అది బరువెత్తినందువల్ల వచ్చినది కాదని అనుమానించవద్దా? మనవాళ్ళు దానికి "వాతం" అని పేరుపెట్టి మంచం దిగవద్దంటారు. విశ్రాంతితో పెరిగే బిగుతుకు విశ్రాంతే మందు! ఎక్స్‌రేలో మార్పు కనబడడానికి ఏళ్ళు పడుతుంది. ఎమ్మారై ఆ వాపును ఎంతో ముందుగా చూపగలదు. నన్ను మాత్రం "ఎక్స్‌రే బాగుంది, అంతా నీ భ్రమ" అంటూ ఆరేళ్ళు తిప్పారు. (ఆ ఆరేళ్ళలో నా మెడ ఎంత తిరగడం మానిందో నా స్కూటరు అద్దాలకు తెలుసు.)

వ్యాయామమే మందైతే కూలివానికి రోజంతా వ్యాయామమే కదా అని ఒక మిత్రుడు వాదించాడు. కానే కాదు. నెదర్లాండ్స్, బెల్జియం, ఫ్రాన్స్ దేశాల రోగులను ఏళ్ళ తరబడి గమనించి 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వాపు ఒకే స్థాయిలో ఉన్నా దాని దెబ్బ శరీరశ్రమ చేసేవారి వెన్నుపైనే గట్టిగా పడింది. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే సూదిమందులు పెందలాడే మొదలుపెట్టి దీర్ఘకాలం వాడితే ఎముక పెరుగుదల నెమ్మదించవచ్చునని కొన్ని అధ్యయనాలు సూచిస్తున్నాయి. వాటి ధర దినకూలీ అందుకోగలిగేదేనా? ఇందులో బ్రహ్మదేవుడి చెయ్యి ఎక్కడుందో నాకు కనబడదు.

నీకు సిగరెట్టు అలవాటుందా అని ఆ ఆరేళ్ళలో నన్ను అడిగినవారు లేరు. శనికి తైలాభిషేకం చేయించమన్నవారు మాత్రం నలుగురున్నారు.