ప్రపంచం సంగతి వాడకెందుకు? (గోదారి ఒడ్డు ముచ్చట్లు – 17)



పోయిన వారం పని మీద భద్రాచలం పోయి, బస్టాండు దగ్గర టీ హోటల్లో కూర్చున్నా. బల్ల మీద నలుగురైదుగురు పెద్దమనుషులు. రష్యా, ఉక్రెయిన్, ట్రంప్, చమురు... ఒకాయన పుతిన్ వైపు, ఇంకొకాయన అమెరికా వైపు. టీ చల్లారిపోతోంది గానీ యుద్ధం ఆగట్లేదు. నేనూ ఒక మాట కలిపాను. "సార్, ఆ చమురు తగాదా తిరిగి తిరిగి మన పత్తి మీదే పడ్డది" అన్నా. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినాయన ఒకరు నవ్వుతూ అందుకున్నాడు. "ఏందోయ్, నీకెందుకీ పుతిన్ గోల? మీ వాడకి ఇందిరమ్మ ఇళ్ళు వచ్చినయో లేదో అది చూస్కోరాదు?"

అందరూ నవ్వారు. ఆయన తిట్టలేదు, కోపంగా కూడా అనలేదు. ప్రేమగానే అన్నాడు. అందుకే నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. తిడితే తిరిగి ఒక మాట అని వచ్చేవాణ్ణి. ప్రేమగా "నీ హద్దు ఇది" అన్నవాడికి ఏం చెప్తాం?

ఇల్లు అడగొచ్చు. పింఛన్ అడగొచ్చు. రేషన్ కార్డు కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగొచ్చు. అక్కడిదాకా మనం "పాపం పేదోళ్ళం". పుతిన్ గురించి మాట్లాడితే మాత్రం "వీడికెందుకు" అయిపోతాం. ప్రపంచ రాజకీయాలకి కూడా ఊరి బావికి ఉన్నట్టే ఒక గట్టు ఉంది. ఆ గట్టు ఎక్కొద్దని ఆయన నాకు నవ్వుతూ చెప్పాడు.

ఇదే భద్రాచలంలో 2022 జూలై 16న గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో 75.6 అడుగులు వచ్చాక అంత వరద అదే. లోతట్టు కాలనీల్లో మనోళ్ళు బియ్యం మూటలు, పిల్లల సర్టిఫికెట్లు నెత్తిన పెట్టుకుని బయటపడ్డారు. మరునాడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారు వచ్చారు. ఈ క్లౌడ్ బరస్ట్‌ల వెనక ఇతర దేశాల కుట్ర ఉందంటున్నారు, అదెంతవరకు నిజమో తెలీదు అన్నట్టు మాట్లాడారు. దేశమంతా ఆ మాట వార్త అయింది. బురదలో నిలబడి విదేశీ కుట్ర గురించి మాట్లాడిన ముఖ్యమంత్రిని "నీకెందుకయ్యా" అని ఎవరూ అనలేదు. అదే బురదను ఇంట్లోంచి ఎత్తి పోసుకున్న మా అక్కలకు మాత్రం ప్రపంచం గురించి నోరెత్తే అర్హత లేదు!

సరే, ప్రపంచం మనకెందుకో లెక్క చూద్దాం.

మా పెద్దమ్మ నలభై ఏళ్ళుగా మిరపకాయ కోతకు పోతోంది. ఆమెకి చైనా పటంలో ఎక్కడుందో తెలీదు. "ఈ ఏడు చైనావోళ్ళు కొంటలేరంట, రైతు ఆఖరి కోత వదిలేస్తాడంట" అని మాత్రం నాకంటే ముందే చెప్తుంది. ఖమ్మం మార్కెట్‌కొచ్చే తేజ మిర్చి పెద్ద ఎత్తున విదేశాలకు పోతుంది, అందులో చైనా పెద్ద గిరాకీ. అక్కడ కొనుగోలు తగ్గితే ఇక్కడ జెండా పాట పడిపోద్ది. ధర పడితే రైతు కోత కూలి కూడా రాదని చేను వదిలేస్తాడు. పెద్దమ్మకి పదిహేను రోజుల పని పోద్ది. ఛత్తీస్‌గఢ్ నుంచి పిల్లాజెల్లాతో కోతకొచ్చినోళ్ళకి తిరుగు ప్రయాణం ఛార్జీలు కూడా మిగలవు. 2017 ఏప్రిల్‌లో మిర్చి ధర కూలిపోయి ఖమ్మం యార్డులో రైతులు తిరగబడ్డారు. ఆ తర్వాత నెలలో అరెస్టయిన రైతులను చేతులకు బేడీలేసి కోర్టుకు తీసుకొచ్చిన ఫొటో మీకు గుర్తుండే ఉంటది.

2025 వానాకాలంలో యూరియా లైన్లు గుర్తున్నాయా? సొసైటీ ముందు తెల్లవారకముందే చెప్పులు, పాస్‌బుక్ జిరాక్సులు వరసలో పెట్టి కూర్చున్నాం. ఆ కొరతకు ఇంటి కారణాలూ ఉన్నాయి, రామగుండం ఫ్యాక్టరీ ఆగిపోవడం అందులో ఒకటి. బయటి కారణాలూ ఉన్నాయి. చైనా యూరియా ఎగుమతులు బిగబట్టింది. పశ్చిమాసియా గొడవలతో ఓడలు ఆలస్యమయ్యాయి. మన వరిచేను ఎర్రబడడానికి ఎక్కడో సముద్రంలో జరిగే గొడవకీ సంబంధం ఉంది.

ఇక ఆ రోజు నేను పూర్తి చెయ్యలేకపోయిన పత్తి సంగతి. 2025 ఆగస్టులో ట్రంప్ మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకుపోయాడు. అందులో సగం రష్యా చమురు కొంటున్నందుకు శిక్ష. అదే నెల 19 నుంచి మన కేంద్ర ప్రభుత్వం విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తేసింది. ముందు సెప్టెంబర్ నెలాఖరు వరకే అన్నది. తర్వాత డిసెంబర్ నెలాఖరు దాకా పొడిగించింది. అంటే సరిగ్గా మన పత్తి ఏరి మార్కెట్‌కి తెచ్చే నెలలు! మిల్లులు నిలబడాలని చేశామన్నారు. మిల్లుల బాధ నేను కాదనను. కానీ పత్తి ధర మీద పడే దెబ్బ ఎవరికి? పట్టా ఉన్న రైతు కనీసం సీసీఐ కేంద్రానికి పోతాడు. మన వాడల్లో పత్తి వేసేది ఎక్కువమంది కౌలుకే. పాస్‌బుక్ లేని కౌలుదారు వ్యాపారి చెప్పిన రేటుకి తలూపి వస్తాడు. చమురు కొనాలో వద్దో మనల్ని అడగలేదు, సుంకం ఎత్తాలో వద్దో కూడా అడగలేదు. బిల్లు మాత్రం మనకొచ్చింది.

"నీకెందుకు" అన్నాయనకి నా మొదటి జవాబు ఇదే. ఖర్చు మాది కాబట్టి లెక్క అడిగే హక్కూ మాదే.

రెండో జవాబు బాబాసాహెబ్ ఎప్పుడో చెప్పాడు. 1951లో ఆయన నెహ్రూ మంత్రివర్గం నుంచి రాజీనామా చేశాడు. హిందూ కోడ్ బిల్లు కోసం అని మనందరం చెప్పుకుంటాం, నిజమే. కానీ ఆయన ఇచ్చిన ప్రకటన పూర్తిగా చదవండి. అందులో విదేశాంగ విధానం కూడా ఒక కారణం. దేశం ఏడాదికి సంపాదించే 350 కోట్లలో దాదాపు 180 కోట్లు సైన్యానికే పోతున్నాయనీ, మనకు స్నేహితులు లేకుండా చేసుకున్న విధానం ఫలితమే ఈ ఖర్చు అనీ లెక్క చెప్పాడు. అంతకంటే నన్ను కోసేసిన మాట ఇంకొకటుంది. మంత్రివర్గంలో విదేశీ వ్యవహారాల కమిటీలో గానీ, రక్షణ కమిటీలో గానీ తనను సభ్యుడిగా వెయ్యలేదని ఆయనే చెప్పుకున్నాడు. కొలంబియాలో, లండన్‌లో చదివినవాడు, రాజ్యాంగం రాసినవాడు! ఆయనకే ఆ గది తలుపు తెరవలేదు. ఇక టీ హోటల్ బల్ల మీద నాకు చోటివ్వలేదని ఏడవడం ఎందుకు?

మరి ఆ గదిలో మనవాడు లేకపోతే ఏమవుతుంది? దేశ విభజన చూడండి. కోట్లాదిమంది అటూ ఇటూ మారుతుంటే, కరాచీలో పాకీపని చేసే దళితులను మాత్రం అక్కడి ప్రభుత్వం అత్యవసర సేవల పేరుతో కదలనివ్వలేదు. వాళ్ళు పోతే దొడ్లు కడిగేది ఎవరని! అంబేడ్కర్ 1947 డిసెంబర్‌లో దీని మీద నెహ్రూకి ఉత్తరం రాయాల్సి వచ్చింది. అక్కడ పాకిస్తాన్ తొలి న్యాయశాఖ మంత్రి జోగేంద్రనాథ్ మండల్ కూడా దళితుడే. తూర్పు బెంగాల్లో తనవాళ్ళ మీద జరిగిన దాడులు చూసి 1950 అక్టోబర్‌లో రాజీనామా చేసి ఇటు వచ్చేశాడు. ఏడాది తిరగకముందే ఇక్కడ అంబేడ్కర్ రాజీనామా. రెండు దేశాలు, ఇద్దరు దళిత న్యాయ మంత్రులు, రెండు రాజీనామాలు. భారత్-పాకిస్తాన్ గురించి మన పిల్లలు గొంతు చించుకునేటప్పుడు ఈ ముక్క ఎవరికీ గుర్తురాదు.

బాబాసాహెబ్ అక్కడితో ఆగలేదు. 1946లోనే అమెరికా నల్లజాతి మేధావి డు బాయిస్‌కి ఉత్తరం రాసి, నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న వినతిపత్రం ప్రతులు అడిగాడు. ఆ దారిలోనే 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతి వివక్ష వ్యతిరేక సదస్సుకి మన దళిత కార్యకర్తలు తరలివెళ్ళారు. కులం మా ఇంటి విషయం, ప్రపంచానికెందుకు అన్నది మన ప్రభుత్వం. మరుసటి ఏడాదే ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుక ఆధారంగా చూపే వివక్షలో కులం కూడా వస్తుందని తేల్చి చెప్పింది. చూశారా, ఊళ్ళోనేమో "ప్రపంచం సంగతి నీకెందుకు" అంటారు, ప్రపంచం దగ్గరికి పోతే "ఇంటి సంగతి బయటెందుకు" అంటారు. ఎటు పోయినా నోరు మూసుకోవాల్సింది మనమే.

ఇంతవరకు వాళ్ళ సంగతి. ఇప్పుడు మన సంగతి. ఇది కొంచెం చేదుగా ఉంటది, ఓర్చుకోండి.

మన వాడ పిల్లలు ప్రపంచ రాజకీయాలు మాట్లాడట్లేదా? రోజూ రాత్రి పన్నెండు దాకా మాట్లాడుతున్నారు. కానీ ఎలా? క్రికెట్ మ్యాచ్ చూసినట్టు. గాజా మీద బాంబు పడితే సిక్స్ కొట్టినట్టు అరిచేవాడు ఒకడు. ఉక్రెయిన్ ఊరు తగలబడితే మా పుతిన్ అని మీసం తిప్పేవాడు ఇంకొకడు. తమ్ముళ్ళూ, ఊరు తగలబడడం మనకి కొత్తా? కారంచేడు, చుండూరు పేర్లు మర్చిపోయారా? ఇల్లు వదిలి చర్చి ఆవరణలోనో, శిబిరంలోనో పడుకున్న జాతి మనది. శిబిరంలో ఉన్నవాణ్ణి చూసి నవ్వే హక్కు ఎవరికున్నా మనకు లేదు.

సరిహద్దులు ఎట్లా గీస్తారో తెలుసుకోవాలంటే డాన్‌బాస్ దాకా పోనక్కర్లేదు, మన గోదారి ఒడ్డు చాలు. 2014 మే చివర్లో, తెలంగాణ పుట్టడానికి నాలుగు రోజుల ముందు, ఢిల్లీలో ఒక ఆర్డినెన్స్ వచ్చింది. జూలైలో అది చట్టమైంది. పోలవరం ముంపు కింద కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, భద్రాచలం రూరల్, బూర్గంపాడులో కొంత భాగం ఆంధ్రలోకి పోయాయి. భద్రాచలం ఊరు మాత్రం ఇటే మిగిలింది. కోయలు, కొండరెడ్లు, మన మాలమాదిగలు ఖమ్మం జిల్లాలో పడుకుని తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో నిద్రలేచారు. మీరు ఎటుంటారని ఒక్క గూడెంలో కూడా ఓటు పెట్టలేదు. ఇవ్వాళ్టికీ భద్రాచలంలో ఎక్కి చర్ల పోవాలంటే బస్సు కొంత దూరం ఆంధ్రలో నడిచి మళ్ళీ తెలంగాణలోకొస్తది. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలను తిరిగి కలపాలని ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు.

కాబట్టి ఏ దేశం గొడవ వచ్చినా మనం అడగాల్సిన మొదటి ప్రశ్న, ఎవరు గెలిచారని కాదు. అక్కడ ఉన్నోళ్ళని అడిగారా అని.

ఇంకో చేదు మాట చెప్పి ముగిస్తా. 2005లో దంతెవాడలో సల్వాజుడుం మొదలయ్యాక, అటు జుడుం, ఇటు మావోయిస్టులు, మధ్యలో నలిగి గొత్తికోయలు గోదారి దాటి మన అడవుల్లోకొచ్చారు. గిరిజన యువకులకు తుపాకులిచ్చి పోరాడించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. అప్పటికే ఊళ్ళు పోయాయి. వాళ్ళు దాటింది దేశ సరిహద్దు కాదు, రాష్ట్ర సరిహద్దు. కాబట్టి వాళ్ళను శరణార్థులు అనరు. ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ దొరకదు, పోడుకి పట్టా రాదు. 2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలంలో అటవీ రేంజ్ అధికారిని చంపేశారు. అది ఘోరం, చేసినవాళ్ళకు శిక్ష పడింది, పడాలి కూడా. కానీ ఆ వెంటనే గూడెం మొత్తాన్నీ ఛత్తీస్‌గఢ్ పంపించెయ్యాలని పంచాయతీ తీర్మానం చేశారు. ఒకడు చేసిన తప్పుకి వాడంతా వెలి! ఈ న్యాయం మనకి తెలిసిందే కదా? ఆ రోజు మన సంఘాల్లో ఎంతమంది మాట్లాడాం? నేనూ మాట్లాడలేదు. వాళ్ళు మన ఓటర్లు కాదు, మన భాష కాదు అనుకుని ఊరుకున్నా. గాజా మీద పేజీలు రాసిన నేను, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న గుడిసె గురించి ఒక ముక్క రాయలేదు. ఈ తప్పు నాది.

టీ హోటల్ పెద్దమనిషికి నేను ఆ రోజు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా. అయ్యా, ఇందిరమ్మ ఇల్లు అడుగుతాం, పుతిన్ సంగతీ అడుగుతాం. రెండూ ఒకే ప్రశ్న. నిర్ణయం చేసే గదిలో మేమెందుకు లేము?

ఈసారి మీరు టీ తాగుతుంటే నేనూ వచ్చి ఆ బల్ల మీదే కూర్చుంటా. పత్తి సంగతి మొదటి నుంచి చెప్తా. వినండి.

వచ్చే వారం మిరప కోత కూలీల లెక్క రాస్తాను. మీ ఊళ్ళో కూలి రేటెంతో, కోతకు ఎక్కణ్ణుంచి వస్తున్నారో నాకు రాసి పంపండి.

జై భీమ్.