ఓడ దిగింది బందరులో, ఊరు పెరిగింది హైదరాబాదులో

2024 జూన్ 2తో హైదరాబాదు ఉమ్మడి రాజధాని గడువు తీరిపోయింది. ముదినేపల్లిలో ఏ వీధిలో వాకబు చేసినా కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో కాపురమున్న వాళ్లు ఒకరిద్దరు తేలతారు. గడువు తీరిందని వాళ్లు మూటాముల్లె సర్దుకుని వచ్చేశారా? రారు. వాళ్లను తప్పు పట్టడానికీ లేదు. అది వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరే.

1591లో కులీ కుతుబ్ షా నగరం కట్టిన నాడు ఆయన పీష్వా మీర్ మోమిన్ ఇరాన్ దేశస్థుడు. గోల్కొండకు రేవు మన బందరు. ఇరాన్ వర్తకులు, డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ ఓడ దిగే లోపలికి పోయారు. ఆ తర్వాత అసఫ్‌జాహీల వెంట ఉత్తరాది కాయస్థులు వచ్చారు. బార్కస్ హద్రమౌత్ అరబ్బు సిపాయిలది. ఏసీ గార్డ్స్ ఆఫ్రికన్ అశ్వదళానిది. సికింద్రాబాద్ కంటోన్మెంటు వెంట తమిళులు చేరారు. గైర్ ముల్కీ అనే నింద కూడా ముందు పడింది మన మీద కాదు, నిజాం కొలువులోకి ఉత్తరాది నుంచి తెచ్చిన ఉద్యోగుల మీద. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు.

1956లో వంతు మనకొచ్చింది. అయితే మనం సర్కారును వెంటబెట్టుకుని వెళ్లాం. తంటా అక్కడే. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అనగానే కోస్తా భగ్గుమంది. మా రాష్ట్రం మాకివ్వండని జై ఆంధ్ర అడిగితే 1973లో ఆరు సూత్రాలు చేతిలో పెట్టి పంపేశారు. ఆనాడే ఇచ్చి ఉంటే ఈ నలభై ఏళ్ల సొమ్మూ చదువూ ఇక్కడ ఒక నగరాన్ని నిలబెట్టేవి కావా? 1923లో బందరులో పట్టాభి పెట్టిన ఆంధ్రా బ్యాంకు సైతం హెడ్డాఫీసును హైదరాబాదులో పెట్టుకుంది, 2020లో పేరే లేకుండా పోయింది.

ముదినేపల్లి సంగతి చెప్పనే అక్కర్లేదు. 2008 పునర్విభజనలో నియోజకవర్గం పోయింది, 2022లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరులో వేశారు. చుట్టూ చేపల చెరువులు. కాపలాకూ పట్టుబడికీ పనుంది, డిగ్రీ చదివిన కుర్రాడికి లేదు.

బందరు పోర్టు పనులు ఎన్నో శంకుస్థాపనల తర్వాత 2023లో మొదలయ్యాయి. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని 2019లో చట్టం చేశారు. మనమూ ముల్కీ పాట ఎత్తుకున్నామని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఒడిశా కూలీ వస్తే రానివ్వండి, కాదనం. కానీ పోర్టు పనుల్లో బందరు, గుడివాడ, దివిసీమ, ముదినేపల్లి వాళ్లు ఎందరున్నారో ప్రభుత్వం ఊళ్ల వారీగా లెక్క బయటపెట్టాలి. అదీ ఉద్యోగాల భర్తీ అయిపోయాక కాదు, ఇప్పుడే.