హెలెన్ కెల్లర్ కంటే ముందు లారా

హెలెన్ కెల్లర్ పేరు వినని వారు మనలో అరుదు. పిల్లల్ని కూర్చోబెట్టి పాఠాలు చదివించే తల్లులకు ఆ పేరు ఏదో ఒక క్లాసు పుస్తకంలో తగిలే ఉంటుంది. కళ్ళు కనిపించవు, చెవులు వినిపించవు, అయినా కాలేజీ చదువు చదివింది, పుస్తకాలు రాసింది అని మనం పిల్లలకు గొప్పగా చెప్తుంటాం. మరి హెలెన్ కంటే సుమారు యాభై ఏళ్ళ ముందే అలాంటి చీకట్లోంచి బయటపడిన ఇంకో అమ్మాయి ఉందని మీకు తెలుసా? ఆ అమ్మాయి లారా బ్రిడ్జ్‌మన్. ఆమె లేకపోతే హెలెన్‌కు చదువు వచ్చేదో లేదో! ఈ వారం ఆమె సంగతి చెప్పుకుందాం.

లారా 1829 డిసెంబరులో అమెరికాలోని హానోవర్ అనే ఊళ్ళో ఒక రైతు ఇంట్లో పుట్టింది. రెండేళ్ళ వయసులో స్కార్లెట్ ఫీవర్ అనే విషజ్వరం వచ్చింది. పిల్ల బతికింది గానీ చూపు పోయింది, వినికిడి పోయింది. వాసన కూడా తెలియకుండా పోయింది, రుచి అంతంత మాత్రం. ఇక మిగిలింది స్పర్శ ఒక్కటే. అయినా ఆ పిల్ల ఊరికే మూల కూర్చోలేదు. తల్లి కొంగు పట్టుకుని తిరిగే మన పిల్లల్లాగే ఇల్లంతా తల్లి వెంట తిరుగుతూ, ఆమె చేతులు తడిమి చూస్తూ, ఏ పని ఎలా చేస్తుందో తెలుసుకునేది. కొంచెం కుట్టడం, అల్లడం కూడా నేర్చింది. రమ్మనడానికి దగ్గరకు లాగడం, పొమ్మనడానికి తోయడం - ఇలాంటి సైగలే ఆమెకున్న భాష.

ఆ రోజుల్లో అలాంటి వాళ్ళకు చదువు రాదనే అందరూ అనుకునేవారు. హార్ట్‌ఫర్డ్ అనే ఊరి బధిరుల పాఠశాలలో జూలియా బ్రేస్ అనే ఆవిడ 1825 నుంచి ఉండేది. ఆవిడకూ చూపు, వినికిడి లేవు. ఉతికిన బట్టల కుప్పలోంచి ఎవరి బట్టలు వాళ్ళవి వాసన పట్టి వేరు చేసేదట! సైగలతో మాట్లాడేది. అంత తెలివిగల మనిషికి కూడా అక్షరాలు మాత్రం పట్టుబడలేదు.

బోస్టన్‌లో అంధుల పాఠశాల నడిపే డాక్టర్ శామ్యూల్ హోవ్ మాత్రం ప్రయత్నించి చూద్దామనుకున్నాడు. 1837లో, ఎనిమిదేళ్ళు కూడా నిండని లారాను తన పాఠశాలకు తీసుకెళ్ళాడు. అదే తర్వాత పెర్కిన్స్ పాఠశాలగా పేరు పొందింది.

ఆయన చేసిన పని మన వంటింటి పని లాంటిదే. మనం ఉప్పు డబ్బాకు, పంచదార డబ్బాకు కాగితం ముక్క అంటించి పేరు రాయమా? ఆయన అలాగే చెంచా, కత్తి, తాళంచెవి, పుస్తకం లాంటి వస్తువులకు తడిమితే తెలిసేలా ఉబ్బెత్తు అక్షరాల కాగితాలు అంటించాడు. లారా వస్తువునూ తడిమేది, కాగితాన్నీ తడిమేది. తర్వాత విడి కాగితాలు చేతికిస్తే ఏది ఏ వస్తువుదో చూసి దాని మీద పెట్టేది. ఆ తర్వాత అక్షరాల్ని విడగొట్టి ఇస్తే వరసగా పేర్చేది. ఇదంతా చాలా రోజులు ఒక ఆటలాగే సాగింది. చేసి చూపిస్తే చేసేది, అంతే. ఒక రోజు ఆమెకు ఉన్నట్టుండి తట్టింది - ఇది వస్తువు పేరు, దీంతో నా మనసులో ఉన్నది ఎదుటివాళ్ళకు చెప్పుకోవచ్చు అని! అప్పుడు ఆ పిల్ల ముఖమే మారిపోయిందని హోవ్ రాశాడు. ఆ తర్వాత చేతివేళ్ళతో అక్షరాలు చూపడం నేర్పారు. ఒకరు వేళ్ళను ఒక్కో అక్షరానికి ఒక్కో రకంగా మడిచి చూపితే, రెండోవారు అరచేత్తో తడిమి తెలుసుకుంటారు. అలా ఎంత మాటైనా చెప్పుకోవచ్చు.

ఇల్లు విడిచి ఆరు నెలలైన తర్వాత తల్లి చూడడానికి వచ్చింది. లారా ఆమె చేతులు తడిమింది, బట్టలు తడిమింది, గుర్తుపట్టలేక పక్కకు వెళ్ళిపోయింది. ఆ తల్లి ప్రాణం ఎలా విలవిల్లాడిందో మీరే ఊహించుకోండి. ఇంటి దగ్గర లారా వేసుకునే పూసల దండ చేతిలో పెడితే, అది తన ఇంటిదేనని సంతోషంగా మెడలో వేసుకుంది గానీ తల్లి దగ్గరకు రాలేదు. కాసేపటికి తల్లి మళ్ళీ పట్టుకుని దగ్గరకు తీసుకున్నాక, ఆ పిల్ల ముఖం ముందు పాలిపోయి, అంతలోనే ఎర్రబడింది. ఒక్కసారిగా తెలిసింది, ఈమె అమ్మ అని! ఇక పూసలూ అక్కర్లేదు, బొమ్మలూ అక్కర్లేదు, ఒడి వదిలితే ఒట్టు.

1842లో ఇంగ్లండు రచయిత చార్లెస్ డికెన్స్ ఆ పాఠశాలకు వెళ్ళాడు. లారా కళ్ళకు ఆకుపచ్చ రిబ్బను కట్టి ఉంది. పక్కన పడున్న ఆమె బొమ్మ కళ్ళకు కూడా అలాంటి రిబ్బనే! అదంతా ఆయన తన అమెరికా ప్రయాణం పుస్తకంలో రాయడంతో లారా పేరు లోకమంతా తెలిసింది.

చదువు ముగిశాక లారాను ఇంటికి పంపారు. అయినవాళ్ళ మధ్య హాయిగా ఉంటుందనే కదా ఎవరైనా అనుకునేది? కానీ అందరూ పొలం పనుల్లో, ఇంటి పనుల్లో తలమునకలుగా ఉండేవారు. ఆమె చేతిలో చెయ్యి పెట్టి వేళ్ళతో నాలుగు మాటలు చెప్పే తీరిక ఎవరికుంది? ఆమె దిగులుతో చిక్కిపోయింది. చివరికి మళ్ళీ పెర్కిన్స్‌కే తీసుకెళ్ళారు. లేసులు అల్లుకుంటూ, కుట్టుపని చేసుకుంటూ 1889లో చనిపోయేదాకా అక్కడే గడిపింది. అన్నం పెట్టి బట్ట కట్టబెడితే చాలదు, పలకరించే మనిషి కూడా కావాలి అనడానికి ఇంతకంటే ఏం చెప్పాలి?

ఇక హెలెన్ దగ్గరకు వద్దాం. అలబామా రాష్ట్రంలో కేట్ కెల్లర్ అనే తల్లి, తన ఆరేళ్ళ కూతురికి చూపూ వినికిడీ లేవని కుమిలిపోతూ ఉండేది. 1886లో డికెన్స్ పుస్తకంలో లారా సంగతి చదివి, అయితే నా బిడ్డకూ దారి ఉందన్నమాట అనుకుంది. అలా వాకబు చేయగా, పెర్కిన్స్‌లో చదువుకున్న ఆన్ సలివన్ అనే ఇరవై ఏళ్ళ అమ్మాయి 1887 మార్చిలో వాళ్ళింటికి వచ్చింది. ఆన్ చూపు కూడా అంతంత మాత్రమే. వేళ్ళ అక్షరాలు ఆమె నేర్చుకున్నది పెర్కిన్స్‌లో లారాతో కలిసి ఉన్నప్పుడే. హెలెన్ కోసం తెచ్చిన బొమ్మకు బట్టలు కుట్టింది కూడా లారాయే!

ఆన్ ఇంకో మంచి పని చేసింది. ఒక పసిబిడ్డను గమనించింది. చంటిపిల్లకు అర్థమవుతుందా కాదా అని చూసుకోకుండానే పెద్దలు రోజంతా కబుర్లు చెప్తారు కదా! తనూ అలాగే హెలెన్ చేతిలో రోజంతా పూర్తి మాటలే చెప్తూ పోయింది. మనం ఉగ్గు పెడుతూ, నీళ్ళు పోస్తూ పసివాళ్ళతో మాట్లాడేది అలాగే కదండీ. ఆ కబుర్లే హెలెన్‌కు చదువైంది. 1904లో ఆమె కాలేజీ పట్టా పుచ్చుకుంది.

ఈ సంగతులు మనకెందుకంటారా? మన దేశంలో కూడా అలాంటి పిల్లలున్నారు. గర్భం వచ్చిన మొదటి నెలల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డ కళ్ళూ చెవులూ గుండే దెబ్బతినవచ్చు. అందుకే పిల్లలకు తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, ఏడాదిన్నర ప్రాంతంలో ఇంకోసారి ఇచ్చే మీజిల్స్-రుబెల్లా టీకా తప్పకుండా వేయించండి. గర్భిణులకు మాత్రం ఈ టీకా వేయరు, కాబట్టి పెళ్ళి కాబోయే ఆడపిల్లల సంగతి ముందుగానే డాక్టరును అడగండి. ఇక బధిరాంధత్వాన్ని వైకల్యంగా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. మన తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. మీ వీధిలో అలాంటి పిల్ల ఉంటే ఆ తల్లికి ఈ మాట చెప్పండి.

ఆ పిల్ల ఇంటికి వెళ్ళినప్పుడు తల్లిని పలకరించి వచ్చేయకండి. ఆ పిల్ల చేతిని మీ చేతిలోకి తీసుకుని, మీ గాజులు తడమనివ్వండి. రేపు మళ్ళీ వెళ్తే, ఆ గాజుల్ని బట్టే మిమ్మల్ని గుర్తుపట్టవచ్చు.